నడివీపు

మెట్ల కింద దుకాణం. తలుపు తీస్తే కుట్టు మిషను, మిషను వెనక పిన్ని. ఎదురుగా ఒక బల్ల. దాని మీద ఒకరు హాయిగా కూర్చోవచ్చు. ఇద్దరు కూర్చోవాలంటే వాళ్ళకి ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండాలి.

పిన్ని కొత్త బట్టలు కుట్టదు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది. బిగుతైన నడుములు వదులు చేస్తుంది. పాడైన జిప్పులు పీకి మంచివి వేస్తుంది. చుట్టుపక్కల ఎవరెంత లావెక్కారో ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పదు. అడిగితే చెబుతుంది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. పగలంతా హారన్ కొట్టి కొట్టి వస్తాడు కాబట్టి ఇంట్లో నోరు విప్పడు. "పెట్టు" అంటే ఆకలి. "లైటు" అంటే నిద్ర. మంచివాడే. పిన్ని మాత్రం మాటల మనిషి. ఇంట్లో ఖర్చుకాని మాటలన్నీ పొద్దున్నే దుకాణానికి మోసుకొస్తుంది.

ఆ దుకాణానికి మొదటి నల్ల కోటు తెచ్చినవాడు లిఫ్టు మెకానిక్. జీన్స్ గుడ్డ కోటు. చేతులు కోసేసి ఉన్నాయి.

"చేతులు అతికించాలా?" అంది పిన్ని.

"వద్దు పిన్నీ. నేనే కోశాను."

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలుసు."

"ఏమీ అనలేదా?"

"అంది."

జేబులోంచి ఒక గుడ్డ బిళ్ళ తీశాడు. అరచేతి కంటే పెద్దది. దాని మీద తెల్లదారంతో ఎండుకొమ్మలు పెనవేసుకున్నట్టు ఏదో అల్లి ఉంది. పిన్ని దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏ వైపు పైకి?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. లిఫ్టు మెకానిక్ బల్ల మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. అది ఒక బ్యాండు గుర్తు. వాళ్ళు వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్. మెటల్ అంటే గట్టి గిటార్లు, గట్టి డ్రమ్ములు. ప్రోగ్రెసివ్ అంటే పాట అనుకున్న చోట తిరగదు. నాలుగు లెక్కన నడిచే తాళం ఉన్నట్టుండి ఏడుకి మారుతుంది. అయిపోయిందనుకుని లేచి నిలబడితే అది సగం. ఆ బ్యాండుకి నోరు తిరగని పేరేదో ఉంది గాని, ఇక్కడి అభిమానులు వాళ్ళని పొగమంచువాళ్ళు అంటారు.

"ఇంత చెప్పేబదులు వినిపించొచ్చుగా" అంది పిన్ని.

ఫోనులో వినిపించాడు. ఆమె మిషను ఆపి వింది.

"వంటింట్లో అల్మారా పడ్డట్టుంది" అంది.

లిఫ్టు మెకానిక్ మొహం చిన్నబోయింది.

"కానీ గిన్నెలన్నీ ఒక వరసలో పడ్డాయి. ఇంకోసారి పెట్టు."

అలా మొదలైంది. ఆ బిళ్ళ కోటు ఛాతీ మీదకి ఎక్కింది. ఆమెది పాతకాలపు మిషను, కాళ్ళతో తొక్కేది. డ్రమ్ములవాడు కూడా రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కుతాడని తెలిసిన రోజు ఆమెకు వాడి మీద సొంతమనిషి మీద పుట్టే అభిమానం పుట్టింది. "పాపం, వాడికీ మోకాళ్ళు నొప్పులుంటాయి" అంది. కుట్టేటప్పుడు పాట పెట్టుకోవడం అలవాటైంది. పాట తాళం మార్చినప్పుడు ఆమె కాళ్ళూ మార్చేవి. ఒక బ్యాంకు ఉద్యోగి ప్యాంటు అంచు ఏడో లెక్కలో వంకరపోయింది. ఆయన కనిపెట్టలేదు. ఆమె చెప్పలేదు.

నల్ల కోట్ల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వాళ్ళకో పద్ధతి ఉంది. కోటు ముందు భాగంలో నచ్చిన బ్యాండ్ల బిళ్ళలు ఎన్నైనా కుట్టించుకోవచ్చు. నడివీపు మాత్రం ఒక్క బ్యాండుది. వాళ్ళ వాయింపు కళ్ళారా చూసే రోజునే ఆ బిళ్ళ వీపుకెక్కాలి. ఒకసారి కుడితే విప్పకూడదు. ఎవడి నడివీపు వాడికి కనబడదు. అది వెనకున్నవాళ్ళ కోసం.

"పెళ్ళికి కూడా ఇన్ని షరతులు పెట్టరు కదయ్యా" అంది పిన్ని.

వచ్చేవాళ్ళలో ఆమెకు బాగా నచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు లిఫ్టు మెకానిక్. రెండోవాడు అతని బావమరిది. కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. అతని మొగ్గు గడియారంవాళ్ళ వైపు. ఆ బ్యాండు గుర్తు పళ్ళచక్రం. వాళ్ళ గిటారిస్టు రెప్పపాటులో తీగ మీద కొస నుంచి కొసకి పరిగెత్తి వస్తాడు. ఒక్క స్వరం జారదు. పొగమంచువాళ్ళు అలా కాదు. నెమ్మదిగా కమ్ముకుంటారు, మధ్యలో ఖాళీలు వదులుతారు, ఆ ఖాళీలోకి ఉరుములా దిగుతారు.

సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరూ బల్ల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు.

"మా గిటారిస్టు వేళ్ళు చూడు బావా. ఒక్కచోట తప్పడు."

"తప్పితే బాగుండును. మనిషని తెలిసేది."

"తప్పనివాడు మనిషి కాదా?"

"కాదురా. టైపిస్టు."

"మీవాళ్ళు ఒక తీగ మీటి, టీ తాగొచ్చి, రెండో తీగ మీటుతారు."

"ఆ మధ్యలో ఉందిరా సంగీతం."

"ఆ మధ్యలో ఉన్నది టీ."

పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వు ఆపుకునేది. తర్వాత సూదులు తీసి తీర్పు చెప్పేది. "గడియారంవాళ్ళ కుట్టు బ్రహ్మాండం. తొడుక్కుంటే చంకలో పట్టేస్తుంది." పళ్ళాయన మొహం మాడేది. లిఫ్టాయన మొహం వెలిగేది. "పొగమంచువాళ్ళది గుడ్డ మంచిది. ఇంకా ఎవరూ కుట్టలేదు." అప్పుడు ఇద్దరి మొహాలూ సమానమయ్యేవి.

"అది సరే, ఆ పాడేవాడు ఎందుకలా గుర్రుమంటాడు?"

"దాన్ని గ్రౌల్ అంటారు పిన్నీ. ఊపిరి పట్టడం, గొంతు అదుపు, చాలా సాధన కావాలి."

"మీ బాబాయి ఏ సాధనా లేకుండా చేస్తాడు. నిద్రలో."

ఒక మధ్యాహ్నం మాట శ్రుతిమించింది. గడియారంవాళ్ళ కొత్త ఆల్బమ్ వచ్చింది. అందులో గిటారు సోలో ఒకటి మొదలైతే ఆగదు. పళ్ళాయన కళ్ళు మూసుకుని విన్నాడు. లిఫ్టాయన ఆవులించాడు. అంతవరకూ మామూలే. కానీ ఆవులింత తర్వాత ఆయన ఆగలేదు.

"ఒరేయ్, ఇది అచ్చం నువ్వు చేసే పళ్ళసెట్టులాగే ఉంది. వరస బాగుంది. నవ్వు లేదు."

పళ్ళాయన కళ్ళు తెరిచాడు.

"మీవాళ్ళ పాట అచ్చం నువ్వు బాగుచేసిన లిఫ్టు బావా. పైకి పోదామని ఎక్కితే మధ్యలో ఆగి ధ్యానం చేస్తుంది."

బ్యాండుని ఏమన్నా పడతారు. పనిని అంటే పడరు. ఇద్దరూ లేచారు. దుకాణం చిన్నది కాబట్టి కోపంగా బయటికి పోవడానికి కూడా ఒకరికొకరు దారివ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి రాలేదు. కొన్నాళ్ళకి విడివిడిగా కూడా రాలేదు.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద అక్క, బావ. పైన తమ్ముడు. అక్క మందుల షాపులో పనిచేస్తుంది. తెల్లకోటు బొత్తాం ఊడిందని వచ్చి బల్ల మీద కూలబడింది.

"చచ్చిపోతున్నాను పిన్నీ. మెట్ల మీద ఎదురైతే ఒకడు గోడ చూస్తాడు, ఇంకొకడు చెప్పులు చూసుకుంటాడు. నీళ్ళ మోటరు వెయ్యాలన్నా మధ్యలో నేనే. 'అక్కా, కిందాయనకి చెప్పు.' 'ఏమే, పైవాడికి చెప్పు.' గిటారు మీద కొట్టుకు చచ్చారంటే షాపులో ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తోంది. ఆస్తి తగాదా అని చెప్పాను."

"నమ్మారా?"

"అయ్యో పాపం అన్నారు. వాటా అడగమన్నారు."

పిన్ని బొత్తాం కుట్టి పంపింది. దుకాణంలో మిషను ఒక్కటే మిగిలింది. అది ఇంత చప్పుడు చేస్తుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. తనే పాట పెట్టుకుని వింది. బాగానే ఉంది. బాగుందంటే కాదనేవాడు లేడు. బాగోలేదంటే మీద పడేవాడు లేడు. ఒక తీర్పు చెప్పి చుట్టూ చూసింది. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినావిడ కంగారుపడి, "నాతోనేనా?" అంది.

ఆ సాయంత్రం భర్తని అడిగింది.

"ఏమండీ, గిటారు వాయించేవాడికి వేగం ముఖ్యమా? భావం ముఖ్యమా?"

ఆయన భోజనం అయ్యేవరకు ఆలోచించాడు.

"బ్రేకు" అన్నాడు.

ఇంట్లో ఒక మౌనం. దుకాణంలో ఇంకోటి. రెండు మౌనాలు భరించే ఓపిక ఆమెకు లేదు. ఆ బల్ల మీదకి ఆ ఇద్దరూ మళ్ళీ రావాలి. తిట్టుకుంటూ వచ్చినా సరే. తిట్టుకుంటూ వస్తేనే మేలు.

అప్పుడు కబురొచ్చింది. గడియారంవాళ్ళు, పొగమంచువాళ్ళు ఒకే మైదానంలో, ఒకే మధ్యాహ్నం వాయించబోతున్నారు.

ముందు లిఫ్టాయన వచ్చాడు. బల్లకి ఒక చివర కూర్చున్నాడు. పక్కన చోటు అలవాటుగా వదిలాడు. అది చూసుకుని మధ్యకి జరిగాడు. కోటు, ఇంకో పెద్ద ఎండుకొమ్మల బిళ్ళ ఇచ్చాడు.

"నడివీపుకి పిన్నీ. ఆ రోజుకి కావాలి. వాడికి చెప్పకు."

"ఎవడికి?"

"ఉన్నాడుగా, పైవాడు."

"దేవుడా?"

"పిన్నీ!"

మర్నాడు పళ్ళాయన వచ్చాడు. అతనూ ఒక చివరే కూర్చున్నాడు, రెండో చివర. కోటు, పళ్ళచక్రం బిళ్ళ ఇచ్చాడు. కిందాయనకి చెప్పొద్దన్నాడు. చెప్పనంది.

అతను వెళ్ళాక రెండు కోట్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఖాళీ వీపులు రెండు. బిళ్ళలు రెండు. ఎండుకొమ్మల బిళ్ళ తీసుకుని పళ్ళాయన కోటు వీపు మీద పెట్టి చూసింది. పళ్ళచక్రం తీసుకుని లిఫ్టాయన కోటు మీద పెట్టింది. తల వంచి చూసింది. గుండుసూదులు గుచ్చింది. తర్వాత రెట్టింపు దారంతో, ఊడదీయాలంటే చుక్కలు కనబడేట్టు, రెండూ కుట్టేసింది. కుట్టినంతసేపూ ఆమె కాళ్ళు మంచి తాళంలో ఉన్నాయి.

ఇద్దరికీ ఒకే కబురు పంపింది. పని ఇంకా మిగిలింది, కోటు మైదానం దగ్గరికే తెస్తాను. ఒకరిని టిక్కెట్ల గేటు దగ్గర ఉండమంది. ఇంకొకరిని నీళ్ళ ట్యాంకు వైపు గేటు దగ్గర.

ఆ మధ్యాహ్నం భర్తని కూడా లాక్కెళ్ళింది. ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

టిక్కెట్ల గేటు దగ్గర లిఫ్టాయన చెయ్యి చాచాడు. పిన్ని కోటు ఇవ్వలేదు.

"అలా కాదు. అటు తిరుగు. చేతులు వెనక్కి పెట్టు."

కొలత చూసే టైలరు ముందు ఎంతటివాడైనా మాట వింటాడు. వెనక్కి తిరిగి చేతులు చాపాడు. ఆమె కోటు ఎక్కించింది. భుజాలు సర్దింది. నడివీపు మీద అరచేత్తో రాసింది.

"అతికినట్టు కూర్చుంది. ఇవాళ్టికి ఒంటి మీంచి తియ్యకు. కొత్త కుట్టు, ఒంటికి తగ్గట్టు సాగాలి."

అలాంటిదేమీ ఉండదు. నీళ్ళ ట్యాంకు గేటు దగ్గర కూడా అదే చెప్పింది.

లోపల నల్ల కోట్ల సముద్రం. లిఫ్టాయన నాలుగడుగులు వెయ్యగానే ఎవరో గడ్డపాయన వీపు మీద చరిచాడు.

"గడియారంవాళ్ళు! వాళ్ళ తర్వాతే ఎవరైనా!"

"వాళ్ళూ పర్వాలేదు" అన్నాడు లిఫ్టాయన, అపరిచితుడితో గొడవెందుకని.

గడ్డపాయన వెనక్కి తగ్గి వీపు మళ్ళీ చూశాడు. మెల్లగా పక్కకి జరిగాడు.

పళ్ళాయన జనంలోంచి తోసుకొస్తూ బావ వీపు చూశాడు. నిలబడిపోయాడు. పళ్ళచక్రం. నడివీపున. రెట్టింపు దారంతో. నా మాటకి లొంగి, నోటితో చెప్పలేక వీపుతో చెప్పాడు బావ, అనుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుందామని అటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టాయన వెనక్కి చూశాడు. బావమరిది వీపు మీద ఎండుకొమ్మలు.

వీడు దారికొచ్చాడన్నమాట, అనుకున్నాడు ఆయన.

"ఏరా."

"బావా."

"నీళ్ళు తాగావా?"

"లేదు."

సీసా అందించాడు. కోట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. గెలిచినవాడు గెలుపు గురించి మాట్లాడడం మర్యాద కాదు. ఇద్దరూ గెలిచారు. ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు.

పిన్ని వాళ్ళకి కాస్త వెనకే ఉంది. రెండు వీపులూ పక్కపక్కన ఆమెకు బాగా కనిపిస్తున్నాయి.

ముందు గడియారంవాళ్ళు వాయించారు. నేల అదిరింది. అంత వేగంగా పోతూ అందరూ ఒక్కసారిగా, కత్తెరతో కోసినట్టు, ఆగారు. మైదానం మొత్తం ఊపిరి బిగబట్టింది. డ్రైవరుగారు ఒక చెవిలో దూది తీశాడు.

"బ్రేకు బాగుంది" అన్నాడు.

లిఫ్టాయనకి లొంగిపోయిన బావమరిది మీద జాలిగా ఉంది. "మీ గిటారువాడు టైపిస్టు కాదురా" అన్నాడు చెవి దగ్గర అరిచి. "ఆ చివర్లో ఒక స్వరాన్ని వంచాడే, అక్కడ మనిషి కనబడ్డాడు."

తర్వాత పొగమంచువాళ్ళు. ఒక తీగ మోగింది. ఆగింది. ఆ నిశ్శబ్దం జనం నెత్తి మీద నుంచి మెల్లగా పాకుతూ పోయింది. పళ్ళాయన కూడా లొంగిపోయిన బావ మీద జాలిపడ్డాడు.

"అది టీ కాదు బావా" అని అరిచాడు.

పిన్ని ఇద్దర్నీ విన్నది. పాటనీ విన్నది. ఫోనులో ఇన్నాళ్ళూ విన్నది నమూనా గుడ్డముక్క, ఇది నిండు గుడ్డతాను అనుకుంది.

సాయంత్రం ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి చేరారు. అక్క తలుపు తీసింది. ఇద్దరూ లోపలికి వెళ్ళాక ఇద్దరి వీపులూ చూసింది. గడప మీద కూర్చుండిపోయింది. నవ్వుకి ఆమెకు మాట రాలేదు. కింద ఒకడు, పైన ఒకడు కోట్లు విప్పి చూసుకున్నారు. తర్వాత మెట్ల మీద రెండు జతల అడుగులు ఎదురెదురుగా పరిగెత్తాయి.

పొద్దున్న దుకాణం తలుపు తీసేసరికి ఇద్దరూ బయట నిలబడి ఉన్నారు.

"పిన్నీ! నా వీపు మీద పళ్ళచక్రం ఏంటి?"

"నా వీపు మీద ఎండుకొమ్మలేంటి?"

"అయ్యో" అంది పిన్ని. "మారిపోయాయా? రెండూ నల్లవేగా."

"ఒకటి చక్రం, ఒకటి చెట్టు! ఎలా మారతాయి?"

"వయసు మీద పడుతోంది నాయనా. చూపు ఆనడం లేదు." అంటూ కళ్ళజోడు లేకుండా సన్నసూదిలో ఒక్క గుచ్చున దారం ఎక్కించింది.

ఇద్దరూ ఆ సూది వంక చూశారు.

"అందరి ముందూ వీణ్ణి గెలిచాననుకున్నాను" అన్నాడు లిఫ్టాయన.

"నిన్న నీ పక్కన నిలబడి నేనూ అదే అనుకున్నాను" అన్నాడు పళ్ళాయన.

"సరే, తప్పు నాదే. విప్పేస్తాను. ఇలా ఇవ్వండి." పిన్ని చిన్న కత్తెర తీసింది.

కోట్లు చేతుల్లోంచి కదల్లేదు.

"నాది విప్పు పిన్నీ" అన్నాడు లిఫ్టాయన మెల్లగా. "వాడిది ఉండనీ. వాడికి అది బాగా నప్పింది."

"అదేం కుదరదు. నాది విప్పు. బావది మాత్రం ముట్టుకోకు. ఆ చక్రంతో బావకి కొత్త కళ వచ్చింది."

"ఏమయ్యా, ఉన్న బిళ్ళలు రెండే" అంది పిన్ని. "నీ కొమ్మలు నీకు కావాలంటే ఇతని వీపు మీంచి ఊడదీయాలి. ఊడదీయనా?"

లిఫ్టాయన ఆలోచించాడు. బావమరిది వీధిలో నడిచి వెళ్తుంటాడు. వీపు మీద పొగమంచువాళ్ళు. ఇక బతికినంతకాలం, పోయిన చోటల్లా, వాళ్ళని మోసుకు తిరుగుతాడు.

"వద్దు" అన్నాడు.

పళ్ళాయనా ఆలోచించాడు. అతని కళ్ళముందూ ఒక వీపు నడిచి వెళ్ళినట్టుంది.

"వద్దులే" అన్నాడు. "ఎంతైనా ఒకసారి కుట్టాక విప్పకూడదు. పద్ధతి పద్ధతే."

"పద్ధతే మరి" అన్నాడు లిఫ్టాయన.

కోట్లు తొడుక్కున్నారు. బల్ల మీద కూర్చున్నారు. ఇరుకు కాబట్టి ఒకరి భుజం ఇంకొకరి భుజం మీదకి ఎక్కింది.

"అయినా నిన్న నువ్వే ఒప్పుకున్నావు బావా. మా గిటారువాడిలో మనిషి కనబడ్డాడని."

"నీ మొహం చూసి మర్యాదకి అన్నానురా. నువ్వు మాత్రం? టీ కాదన్నావు."

"ఎండ ఎక్కువగా ఉంది. తల తిరిగింది."

"నీ తల కాదు తిరిగింది. తాళం తిరిగింది. నీకు లెక్క అందలేదు."

"నాకు లెక్క అందలేదా? పిన్నీ, విన్నావా ఈ మాట?"

పిన్ని నోట్లో గుండుసూదులున్నాయి. బ్యాంకు ఉద్యోగి రెండో ప్యాంటు సూది కిందకి జరిపి పెడలు తొక్కింది. బల్ల మీద గొంతులు పెరిగాయి. ఆమె కాళ్ళు వాటి లెక్కలో పడ్డాయి.

ప్యాంటు అంచు మళ్ళీ వంకరపోయింది. చూసింది. విప్పలేదు.